ఫోటోలో నా పక్కనున్నాయన

జూన్ 4

మా ఇంటి ఆడపడుచుకి,

వదిన రాసేది. కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు పంపిన ప్రింటర్‌కే ఒంట్లో బాగాలేదు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే నేను రెండో మాట అనేలోపే "సిగ్నల్ లేదు వదినా" అని పెట్టేస్తావు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి నా మొహాన కొడతావు. ఉత్తరానికి ఆ సౌకర్యాలు లేవు. చివరిదాకా చదివి తీరాలి.

ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే వేలు తగిలి మనుషులు జారిపోతున్నారని అత్తయ్య విసుక్కుంటోందని నీకు చెప్పింది నేనే. ఆ రోజు నా నోటికి నాలుగు కుట్లు వేసుకోవాల్సింది. "ఇంట్లోనే ఫోటోలు తీసిచ్చే ప్రింటర్ పంపుతున్నా, అమ్మ చేతిలో పెట్టండి" అన్నావు. పంపావు. నా కుట్టు మిషన్ పక్కన, నేను గుడ్డ కత్తిరించుకునే బల్ల మీద పెట్టించాడు మీ అన్నయ్య. అప్పటినుంచి ఈ ఇంట్లో నాకు ఇద్దరు అత్తలు. అసలావిడే నయం, ఎందుకు అలిగిందో చెబుతుంది.

అత్తయ్య పాత నలుపు తెలుపు ఫోటో ఒకటి తీద్దామంటే పసుపు రంగు అయిపోయింది, తియ్యను పొమ్మంది ప్రింటర్. నలుపు తెలుపు ఫోటోలో పసుపుతో దానికేం పని అని మీ అన్నయ్యని అడిగాను. కండక్టరుగా రోజంతా బస్సులో టిక్కెట్లు కొట్టీ కొట్టీ ఆయనకి ప్రశ్నలంటే చిరాకు. "కంపెనీ వాడికి తెలియదా?" అన్నాడు. పసుపు తెచ్చి పోశాక, తనని తాను శుభ్రం చేసుకుంటానంటూ గరగరమని పుక్కిలించి, ఆ తెచ్చిన రంగులో సగం తానే తాగేసింది.

నున్నటి కాగితం మీ అన్నయ్య తిరగేసి పెట్టాడు. నీ స్కూలు ఫోటో దాని మీద ఆరకుండానే అత్తయ్య ముద్దుపెట్టుకుని గుండెలకి హత్తుకుంది. నీ మొహం కాగితం వదిలి ఆవిడ కొంగుకి అంటుకుంది. ఉతికినా పోలేదు. పోలిక మాత్రం బాగానే వచ్చింది.

ఇంకొకటి. ఫోటో చుట్టూ ఇంతంత తెల్ల అంచు వస్తోంది. "ఇంత కాగితం ఎందుకు వదిలేసింది? గుడ్డయితే మడిచి కుట్టేదానివి" అంటోంది అత్తయ్య. ఏం చెయ్యాలో నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే నువ్వే వచ్చి నీ బహుమతితో నాలుగు రోజులు కాపురం చెయ్యి.

స్కూళ్లు తెరుస్తున్నారు. యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. ఉంటాను.

నీ మేలు మరచిపోలేని
వదిన


జూన్ 12

వదినకి,

నీ ఉత్తరం ఆసుపత్రికే వచ్చింది. పేషెంట్ నోట్లో దూది పెట్టి, అవతలికెళ్లి చదివాను. ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడు. దూది ఉంది కాబట్టి సరిపోయింది. ఈ పళ్ల ఆసుపత్రిలో నర్సుగా చేరాక నేను నేర్చుకున్న గొప్ప విద్య అదే. అలాంటి దూది ఒకటి నీకూ పంపుదామనుకున్నా గానీ మా దగ్గర అంత పెద్ద సైజు లేదు.

ప్రింటర్ మంచిదే వదినా. దాన్ని కొన్నవాళ్లందరూ బాగుందనే రాశారు. మీ ఇంటికి వచ్చాకే దానికి గరగర పట్టుకుందంటే, వాతావరణంలో ఏదో ఉండి ఉంటుంది. తెల్ల అంచు రాకూడదంటే, ఫోటో పంపేటప్పుడు ఫోన్‌లో "కాగితం నిండా" అని ఒక బటన్ కనిపిస్తుంది. అది నొక్కమని అన్నయ్యకి చెప్పు. అంతే, అంచు ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. వెటకారం కాసేపు పక్కన పెట్టి చదువు, నీకు చేతనైతే.

నేను పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. నా వయసుకి ఈ మాట విని అమ్మ ఆనందపడుతుందో, మంచం పడుతుందో తెలియదు. అందుకే ముందు నీ చెవిన వేస్తున్నా. ఆయనా మా ఆసుపత్రిలోనే. పళ్ల పనే. నెమ్మదస్తుడు. నేను పది మాటలంటే ఒకటి అంటాడు, ఆ ఒక్కటీ ఆలోచించి అంటాడు. అందగాడు మాత్రం కాదు, పెద్ద ఆశలు పెట్టుకోకండి.

ఆయన మొహం అమ్మకి కొంచెం అలవాటైతే మంచిదని అన్నయ్య ఫోన్‌కి ఒక ఫోటో పంపాను. మొన్న ఆసుపత్రి మెట్ల మీద తీసింది. నా పక్కనున్నాయనే. కాగితం మీద తీసి అమ్మకివ్వండి. ఏమందో ఉన్నదున్నట్టు రాయి. ఆయన గురించి అమ్మకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది ఎదురుగా కూర్చుని నేనే చెబుతాను.

అన్నయ్యని అడిగానని చెప్పు. ప్రింటర్‌ని కూడా.

నీ మరదలు


జూన్ 21

పెళ్లికూతురికి,

నీ ఉత్తరం చదివి మిషన్ ఆపేశాను. సూది గుడ్డలోనే ఉండిపోయింది. నువ్వూ, పెళ్లీ! ఆ మాట రాయడానికి నీకు ప్రింటర్ వంక కావాల్సి వచ్చిందన్నమాట.

మీ అన్నయ్య డిపో నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నువ్వు చెప్పిన బటన్ నొక్కాడు. ప్రింటర్ మొదట కాగితం లేదంది. పెట్టాం. ఇది కాగితం కాదంది. తీసి పెట్టాం. వైఫై కనబడటం లేదంది. వైఫై డబ్బా దాని నెత్తి మీదే ఉంది. చివరికి అత్తయ్య వచ్చి "మా అల్లుణ్ణి చూడనివ్వవా?" అని ఒక్కటిచ్చింది. వెంటనే ఫోటో వచ్చింది. నువ్వు రాసినట్టే అంచు లేదు, కాగితం నిండా ఉంది.

ఏమందో ఉన్నదున్నట్టు రాయమన్నావు కదా. అత్తయ్య కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "నా కూతురు ఇన్నాళ్లు ఆగింది ఇందుకా!" అంది. ఏం ఎత్తమ్మా ఆయన! నువ్వు ఆయన భుజం దాటలేదు. ఇక ఆ జుట్టు! నల్లగా, ఒత్తుగా, దువ్వెన విరిగిపోయేంత జుట్టు. అందగాడు కాదని రాశావు, దిష్టి తగులుతుందనా? ఆ ఫోటో చూశాక మీ అన్నయ్య అద్దం ముందు నిలబడి నెత్తి తడుముకున్నాడు.

అత్తయ్య దాన్ని తలగడ దగ్గరే పెట్టుకుంది. పాలు పోసేవాళ్లకీ, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లకీ, మీటరు చూడటానికి వచ్చినతనికీ చూపిస్తోంది. నిజం చెబుతున్నా, మాకందరికీ బాగా నచ్చాడు. నువ్వు తొందరగా రా. ఆయన్నీ తీసుకురా. గుమ్మం ఎత్తు సరిపోదేమో, తల వంచుకుని రమ్మను.

ప్రేమతో
వదిన


జూన్ 29

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ధన్యవాదాలు.

వెటకారం పక్కన పెట్టమని అంత బతిమాలి రాస్తే మీరు రాసింది ఇదా? ఒక మనిషికి ఏది లేదో వెతికి పట్టుకుని, దాన్నే పొగడటం మీకే చెల్లింది. అమ్మని కూడా కలుపుకున్నారు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వుకుంటున్నారన్నమాట. మీటరు చూసేవాడితో సహా! నన్ను ఎన్నిసార్లు ఎన్ని మాటలన్నా నేనూ తిరిగి అన్నాను కాబట్టి సరిపోయింది. ఆయన మీకేం చేశాడు? మీ ఉత్తరం ఆయనకి చూపించలేదు. "మీ ఇంట్లోవాళ్లు ఏమన్నారు?" అని అడిగితే, "నచ్చారన్నారు" అని అబద్ధం చెప్పాను. పాపం, ఆ పూటంతా పని చేస్తూ తనలో తనే నవ్వుకున్నాడు.

ప్రింటర్ మీకు భారమని మొదటి ఉత్తరంలోనే చెప్పారు. ఆ భారం దించేస్తాను. ఆదివారం మనిషిని పంపుతున్నాను. ప్రింటర్ అతనికి ఇచ్చెయ్యండి. వచ్చినదెవరో చూస్తే మీకే తెలుస్తుంది. అప్పుడు ఎదురుగా నిలబడి పొగడండి, చూద్దాం.

ఇట్లు
మీ భర్తగారి చెల్లెలు


జూలై 9

అమ్మాయీ,

నన్ను "మీరు" అన్నావంటే నీకు నిజంగా కోపం వచ్చిందని తెలుసు. ఎందుకొచ్చిందో మాత్రం నాలుగుసార్లు చదివినా తెలియలేదు. ఉన్న జుట్టుని ఉందన్నాను, అదీ నేరమేనా? సరే, ఆ సంగతి తర్వాత. అంతకంటే పెద్దది వచ్చి పడింది.

ఆదివారం నువ్వు పంపిన మెకానిక్ వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, చంకలో ఒక సంచీతో, చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడ్డాడు. "మీ ఆడపడుచుగారు పంపారండీ, ప్రింటర్ కోసం..." అని ఇంకేదో అనబోయాడు. నేను కాలర్ తిప్పుతున్నాను, మధ్యలో ఆపితే పాడైపోతుంది. "రండి, రోగి అక్కడుంది. తీసుకెళ్లే ముందు దానికేం వచ్చిందో ఒకసారి చూడండి" అన్నాను.

వెతికి వెతికి మంచి మెకానిక్‌నే పంపావు. సంచీలోంచి చిన్న లైటు తీసి, ప్రింటర్ మూత ఎత్తి, నోరు తెరిపించి చూసినట్టు చూశాడు. లోపల చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా నీలం పూసుకుని చెయ్యి బయటికి వచ్చింది. "నాకు దీని సంగతి అంతగా తెలియదండీ" అన్నాడు. తెలియనివాడిని పంపడం నీకే చెల్లింది.

అత్తయ్య సబ్బిచ్చి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఆవిడ మాట్లాడుతుంటే ఆ కింది పళ్ల సెట్టు టకటకలాడుతుందిగా. అతను వింటూ వింటూ, "ఎప్పటినుంచి కదులుతోందమ్మా?" అన్నాడు.

"నీ చెయ్యి పడ్డాక కదలడం కూడా లేదుగా బాబూ!"

"ప్రింటర్ కాదమ్మా. మీ పళ్ల సెట్టు."

అత్తయ్య సిగ్గుపడి నోరు మూసుకుంది. అతను ఎలా ఒప్పించాడో గానీ, ఆ సెట్టు తీయించి, కడిగి, సంచీలోంచి చిన్న ఆకురాయి తీసి గీకడం మొదలుపెట్టాడు. పెట్టి చూడటం, తీయడం, మళ్లీ గీకడం. ప్రింటర్ బాగుచేయమని పంపితే మీ అమ్మ నోరు బాగుచేసిన మెకానిక్‌ని నేను ఎక్కడా చూడలేదు. ఆ తర్వాత ఆవిడ ఆపిల్ ముక్క కొరికి నమిలింది. ఎన్నాళ్లయిందో! ఇద్దరూ మధ్యాహ్నం దాకా కబుర్లే కబుర్లు. అతను మాట్లాడింది తక్కువే, కానీ అత్తయ్య చేత పాత సంగతులన్నీ చెప్పించుకుని విన్నాడు. ఆవిడ పకపకా నవ్వుతుంటే నా మిషన్ చప్పుడు నాకే వినపడలేదు.

అప్పుడు తలగడ కిందనుంచి ఫోటో తీసింది.

"మా కాబోయే అల్లుడు. మీ ఊళ్లోనే పళ్ల డాక్టరు. నువ్వు ఎరుగుదువా?"

అతను ఫోటో పట్టుకుని చాలాసేపు చూశాడు. వేలితో ఒక పక్క అంచు తడిమాడు. "ఎరుగుదునమ్మా. చాలా మంచాయన" అన్నాడు.

"మా పిల్లని బాగా చూసుకుంటాడంటావా?"

అతను నా వంక చూశాడు, నేల వంక చూశాడు. "మీకు చెప్పకపోతే తప్పవుతుంది. ఆయనకి పెళ్లయిందమ్మా" అన్నాడు.

కాఫీ కలిపి తెచ్చేలోపే ప్రింటర్ భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు.

అత్తయ్య ఆ రోజునుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. ఫోటో బోర్లించి పెట్టింది. అమ్మకి ఎదురుగా కూర్చుని చెబుతానన్న సంగతి ఇదేనా? నేను వెటకారంగా అడగటం లేదు. భయపడి అడుగుతున్నాను. వెంటనే రాయి.

వదిన


జూలై 15

వదినా,

నేను మెకానిక్‌ని పంపలేదు. ఆయన్నే పంపాను.

నీ ఉత్తరం చదువుతుంటే మొదట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఫోటోలో ఉన్నది ముగ్గురం. నా కుడిపక్కనున్న పొడుగాయన మా పెద్ద డాక్టరుగారు. ఆయనకి పెళ్లయిన మాట నిజమే. ఆ ఫోటో తీసింది ఆయన భార్యే. నా ఎడమపక్కన, ఒక మెట్టు కింద, ఫోటో చివర నిలబడ్డవాడు నావాడు. వెనకగదిలో కూర్చుని పళ్ల సెట్లు చేస్తాడు. "కాగితం నిండా" అని నొక్కమన్నది నేనేగా. అంచులతో పాటు ఆయన్నీ నేనే కోయించాను.

నువ్వు జుట్టు గురించి, ఎత్తు గురించి రాస్తే ఆయన్ని ఎగతాళి చేశావనుకున్నా. ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారి మనసువిప్పి పొగిడావు, నేను నమ్మలేదు. ఆయన్ని పంపింది కూడా మీ అందరి మొహాలు మాడిపోవాలనే. ఆయనకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. "అమ్మ చూడాలంటోంది, ఆ వంకన ప్రింటర్ తెచ్చెయ్యి" అని పంపాను. కొత్త చొక్కా వేసుకుని వెళ్లాడు. నీకు చెమటలే కనబడ్డాయి.

తిరిగొచ్చి ప్రింటర్ నా బల్ల మీద పెట్టి, "మీ అమ్మగారు చాలా మంచివారు" అన్నాడు. అంతే. అప్పటినుంచి నన్ను చూస్తే వెనక మెట్ల మీదుగా వెళ్లిపోతున్నాడు. మీరేదో అని ఉంటారని నిన్ను తిడుతూ పెద్ద ఉత్తరం రాసి పెట్టుకున్నా. నీది అందాక చింపేశాను. నిన్న వెనకగదికి వెళ్లి నిలదీస్తే, "వాళ్లకి నచ్చినాయన వేరు. నన్ను చూశాక నీకూ అక్కడ మాటపోతుంది, వదిలెయ్" అన్నాడు. తల ఎత్తకుండా, ఎవరివో పళ్లు చేత్తో పట్టుకుని.

అమ్మకి చెప్పాలనుకున్నది ఏమిటంటే, ఆయనకి ఒకసారి పెళ్లయి విడిపోయారు. పిల్లల్లేరు. ఇప్పుడు ఇదంతా అమ్మకి ఎలా చెబుతావో నాకు తెలియదు. కానీ నువ్వే చెప్పు వదినా. నా వల్ల కాదు.

నీ మరదలు


జూలై 20

తల్లీ,

నీ ఉత్తరం అందగానే మీ అన్నయ్య ఫోన్ లాక్కుని చూశాను. ముగ్గురూ ఉన్నారు. ఆ పొట్టాయన నీ పక్కనే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆదివారం నేను కనీసం కుర్చీ కూడా చూపించకుండా రోగి దగ్గరికి తోలినాయన. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇంకొకాయన ఉన్నాడని మీకు కనబడలేదా?" అని మీ అన్నయ్యని అడిగితే, "కనబడ్డాడు. ఎవరో దారినపోయేవాడు అడ్డమొచ్చాడు, ప్రింటరే కోసేసింది, మంచిదే అనుకున్నా. నన్నెవరు అడిగారు?" అన్నాడు. నలభైమంది బస్సెక్కితే టిక్కెట్టు కొననివాణ్ణి గుర్తుపట్టే మనిషి!

అత్తయ్యకి మొత్తం చెప్పాను, ఆ పెళ్లి సంగతితో సహా. ఆవిడ బోర్లించిన ఫోటో తిప్పి వెతికింది. నీ ఎడమపక్క అంచున చొక్కా భుజం ఒకటి సన్నగా మిగిలింది. దాని మీద వేలు పెట్టి, "ఇతనా?" అంది. తర్వాత కోపం వచ్చింది. నీ మీద కాదు, నా మీద కూడా కాదు. "అంతసేపు నా ఎదురుగా కూర్చుని తానెవరో చెప్పలేదే! నేను అతని కంటికి ఎలా కనిపించాను? పద, అడుగుదాం" అని సంచీ సర్దింది.

శనివారం పొద్దుటి బస్సుకి నేనూ అత్తయ్యా వస్తున్నాం. ఆయనకి చెప్పకు, మళ్లీ వెనక మెట్లు దిగుతాడు. రేపు ఫోన్ చేస్తాను. సిగ్నల్ ఉండేలా చూసుకో.

ఈ ఉత్తరంలో వెటకారం వెతక్కు, మీ అన్నయ్యని అన్న ఆ బస్సు మాట తప్ప.

వదిన


ఆగస్టు 2

మరదలా,

అత్తయ్య నిన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను మాత్రం లోపలికి తీసుకెళ్లిందని నీకు ఇంకా కడుపుమంటగానే ఉన్నట్టుంది. లోపల ఏం జరిగిందో చెప్పమని ఫోన్‌లో మూడుసార్లు అడిగావు. ఇలాంటివి ఫోన్‌లో చెప్పేవి కావు, పైగా నువ్వు మధ్యలో మాట్లాడతావు. అందుకే రాస్తున్నా.

మేం వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఒక సెట్టుకి పళ్లు పొదుగుతున్నాడు. అత్తయ్యని చూడగానే లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక కూడా పెద్ద తేడా రాలేదులే. చేతి గోళ్లలో ఇంకా మా ఇంటి నీలం రంగు ఉంది.

"కూర్చోండమ్మా. మళ్లీ కదులుతోందా?" అన్నాడు.

"పళ్లు బాగానే ఉన్నాయి. ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అంది అత్తయ్య, నిలబడే.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నువ్వు రాసింది నిజమే, ఒక మాట రావడానికి టైము పడుతుంది. "గుమ్మంలోనే చెబుదామనుకున్నానమ్మా. మీరు మంచినీళ్లిచ్చారు, కబుర్లు చెప్పారు, నవ్వారు. నేనెవరో తెలిస్తే ఆ నవ్వు ఆగిపోతుందేమో అనిపించింది. ఇంకాస్సేపు, ఇంకాస్సేపు అనుకుంటూ ఉండగానే మీరు ఫోటో చూపించారు. ఇక నోరు రాలేదు."

"ఇప్పుడు వచ్చిందిగా. ఎవరు నువ్వు?"

"మీ అమ్మాయిని చేసుకుందామనుకుంటున్నవాణ్ణి. ఒకసారి పెళ్లయింది. నిలబడలేదు. ఆవిడ మంచిదే, నేనే సరిగ్గా మాట్లాడటం నేర్చుకోలేదు. మీ అమ్మాయి దగ్గర నేర్చుకుంటున్నాను."

నేనైతే అక్కడే ఒప్పేసుకుందును. అత్తయ్య మాత్రం మెత్తబడినట్టు కనబడలేదు. ఆయన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది.

"మా పిల్ల నోరు నువ్వు చూడలేదు. తట్టుకోగలవా?" అంది.

"నోళ్లతోనే కదమ్మా నా పని" అన్నాడాయన, చేతిలో సెట్టు పట్టుకుని, చాలా గంభీరంగా.

అత్తయ్య ముందు ఆయన వంక చూసింది, తర్వాత ఆ సెట్టు వంక చూసింది, ఫక్కున నవ్వింది. గోడకి చెయ్యి ఆనించి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆయన ఆ నవ్వు ఎప్పుడు ఆగిపోతుందా అన్నట్టు ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాడు. ఆగలేదు. ఏం కొంప మునిగిందోనని నువ్వు తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చావే, అదీ లోపల జరిగింది.

నీ వదిన